నేను చదివి చెప్పిన నోటీసు

ఎనిమిదేండ్లాయె, ఈ ముచ్చట కడుపులనే పెట్టుకొని తిరుగుతున్న. మా ఆయనకు సుత చెప్పలే. మీరెవరో నాకు తెల్వదు, గందుకే మీకు చెప్పబుద్ధైతున్నది.

అప్పుడు గుజరాత్‌ల, లింబాయత్ అనే బస్తీల ఉండేటోళ్లం. పక్కింటి వదినోళ్లు కింది అర్రల నాలుగు సాంచెలు, గవే కరెంటు మగ్గాలు, పెట్టి బట్ట నేసేటోళ్లు. నేను, ఇంకిద్దరు ఆడోళ్లం అండ్లనే కూసొని కండెలు చుట్టేటోళ్లం. ఆ సాంచెల చప్పుడుల మాట ఇనరాదు. పెదవులు చూసుకుంటనే ముచ్చట పెట్టేటోళ్లం. ఎవరి అత్త ఏమన్నదో, ఎవరింట్ల ఏం కూరనో, అన్నీ గట్లనే. కరెంటు పోయిందంటే మా నవ్వులు గల్లీ చివరిదాక ఇనబడుతుండె. అబ్బ, ఎంత మంచి రోజులు! ఇంట్ల నోరు మూసుకొని పడుండే నాకు, ఆడ కూసుంటేనే నేనూ ఒక మనిషిననిపిస్తుండె.

ఒకరోజు మున్సిపాలిటీ నుంచి గుజరాతీల కాగితమొచ్చింది. మా అందరిట్ల గుజరాతీ బడికి పోయింది నేనొక్కదాన్నే. వదిన పెనిమిటి, అన్న, ఇంట్ల లేడు.

"ఏం రాసిండ్రు పిల్లా? జర సదువు," అన్నది వదిన.

సదివిన. ఇండ్లుండే జాగల కార్ఖానా నడుపద్దు, నెల లోపల సాంచెలు తియ్యాలె, లేకుంటే జుర్మానా ఏసి సీలు కొడుతమని ఉన్నది. తీస్తే ఏడ పెడుతరు? ఊరవతలి షెడ్లల్ల. అంత దూరం మా ఆయన నన్ను పోనిస్తడా? మళ్ల నాలుగు గోడల నడుమనేనా నా బతుకు?

"ఏం లేదు వదినా, ఇంటి పన్ను కాగితం."

ఆమె దాన్ని మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకున్న. చెప్పలే. గిసొంటి కాగితాలు ఎందరికో వస్తయి, ఎవరొచ్చి చూస్తరు తియ్ అని నాకు నేనే నచ్చజెప్పుకున్న. గది భయమా, ఆశనా? ఎన్ని పేర్లు పెట్టి చూసినా నా స్వార్థమే.

నెల దాటంగనే వచ్చిండ్రు. నెల కిందనే నోటీసిచ్చినమని చెప్పి సీలు కొట్టిండ్రు. ఆ నెల చేతిల ఉండుంటే అన్న ఏడనో ఒక షెడ్డు చూసుకునేటోడే. జుర్మానాకు అప్పు చేసిండు, అప్పుకు సాంచెలు పాత ఇనుప తుక్కు కింద అమ్మిండు. నాలుగు సాంచెలకు యజమానిగ బతికిన అన్ననే పాండేసర దిక్కు బట్టలకు రంగులేసే మిల్లుల కూలికి పోయిండు.

సాంచెలు టెంపోల ఎక్కించిననాడు నేను గోడకానుకొని ఏడుస్తున్న. వదినే వచ్చి కొంగుతోని నా కండ్లు తుడిచింది. "సర్కారోళ్ల రాతలు, నీకేం అర్థమైతయి పిల్లా? నీ తప్పేమున్నది, ఊకో."

ఊకున్న. ఇన్నేండ్లు ఊకనే ఉన్న. నాకు అర్థమైంది వదినా. అక్షరమక్షరం అర్థమైంది.