నలభై వేలమంది వినని మాట

రెండువేల నాలుగు డిసెంబరు ఇరవయ్యారున, ఆదివారం ఉదయం, భూమి కంపించి కుదుటపడడానికీ సముద్రం లేచి లిటిల్ అండమాన్‌లోని హట్‌బేను ముంచెత్తడానికీ నడుమ మిగిలిన ఆ కాస్త వ్యవధిలో తొమ్మిదేళ్ళ బాలికనొకతెను ఒక పనిమీద పంపిన కమలాకుమారి, తరువాతి పదిహేడేళ్ళలో నాలుగు బడులు మారి, పెళ్ళాడి, కూతురిని కని, చెంపలు నెరసి, మధ్య అండమాన్‌లోని రంగత్‌లో ఉపాధ్యాయినిగా స్థిరపడినా, ఆ వ్యవధిలోనుంచి మాత్రం బయటపడలేకపోయింది.

ఆ పని చిన్నది. నేల ఊగినప్పుడు బడిగోడ బీటలువారిందని ఎవరో అన్నారు. బడి ఒడ్డుకు దగ్గర. హాజరుపట్టీ లోపలే ఉంది. సర్కారు కాగితం పాడైతే సంజాయిషీ చెప్పుకోవాలని, కొత్తగా ఉద్యోగంలో చేరినవారి భయం. ఆమె తరగతిలోనే చదివే పక్కింటి చిన్నమ్మి వాకిట్లో నిలబడి ఉంది. తాళంచెవి చేతికిచ్చి పంపింది. పిల్ల తిరిగి రాలేదు. ఆడుకోవడానికి సముద్రం వైపు వెళ్ళిందని ఊరంతా అనుకుంది; తల్లి యర్రమ్మ అదే నమ్మింది. కమలాకుమారి ఆ మాటను దిద్దలేదు.

రెండువేల ఇరవైయొకటిలో, దీవులకు నెట్టు కాస్త బాగుపడిన కాలాన, ఉపాధ్యాయులందరూ ఆన్‌లైన్ కోర్సు ఒకటి పూర్తిచేయాలని ఉత్తరువు వచ్చింది. విపత్తువేళ బడిని ఎలా నడపాలన్నది విషయం. దేశం నలుమూలల నుంచి నలభై వేలమంది చేరారు. మీరు స్వయంగా చూచిన విపత్తునూ అందులో జరిగిన పొరపాటునూ నిజాయితీగా రాయండి, తోటివారు చదివి చర్చిస్తారు, అన్నది మొదటి ప్రశ్న.

నిజాయితీగా అన్న మాట దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. ఆపైన మూడు రోజులు కూర్చుని, భర్త సుబ్బరామయ్యకు సైతం చెప్పని సంగతిని హిందీలో రాసి చర్చావేదికలో ఉంచింది. ఉంచి ఎదురుచూచింది.

భక్తికి శ్రవణం మొదటి మెట్టని పెద్దలు ఊరకే అనలేదు. పూర్వం అరణ్యాలలో మునులు వేలసంఖ్యలో కూడి కథ విన్నప్పుడు ఒక్కొక్క ఘట్టమూ ఒక ప్రశ్నతో మొదలయ్యేది. అడిగేవారు లేనిచోట చెప్పేవారికి గొంతు పెగలదు. ఇక్కడ కూడినవారూ వేలమందే. ఆ బిడ్డ చావు కింద ఒకరు 'నైస్ మేడమ్' అన్నారు. ఒకరు 'సూపర్' అన్నారు. ఒకరు గులాబీపువ్వు బొమ్మతో శుభోదయం పలికారు. ఇంకొకరు, నాది కూడా చూచి మార్కులు వేయండి మేడమ్, అని తన సమాధానం లంకె అతికించారు. నూటపద్నాలుగు బొటనవేళ్ళు పైకి లేచాయి. అలలు వెనక్కు తగ్గాక హట్‌బేలో వారాలతరబడి కమ్మిన బురదకంపు కమలాకుమారి ముక్కుకు తగిలింది. ఫోను బోర్లించి, లేచి చేతులు కడుక్కుంది.

కోర్సు నియమం ప్రకారం ఒక్కొక్కరూ ముగ్గురి సమాధానాలు దిద్దాలి. ఆమెకు వచ్చిన మూడవది చదవడం మొదలుపెట్టి రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది. అది తాను రాసినదే; ఎవరో దించి తమదిగా పెట్టారు. కడలికి వందల మైళ్ళ దూరాన ఉన్న ఊరి పేరు హట్‌బే స్థానంలో ఉంది; ఆ మెట్టఊరిమీదికి సముద్రం లేచింది. చిన్నమ్మి పేరు తీసివేసి 'ఒక స్టూడెంట్' అని పెట్టారు. తాళంచెవి అలాగే ఉంది.

మరునాడు బడిలో ప్రవీణ్‌కుమార్ ఎదురయ్యాడు. తోటి ఉపాధ్యాయుడు, కోర్సు వారి వాట్సాప్ గ్రూపు నడిపేవాడు.

"మూడూ దిద్దేశారా మేడమ్? లిస్టు గ్రూపులో పెట్టాను. మనం వాళ్ళకి ఫుల్ మార్కులు, వాళ్ళు మనకి ఫుల్."

"అందులో ఒకటి నాదే ప్రవీణ్. నేను రాసింది నాకే దిద్దమని వచ్చింది."

అతడు నవ్వాడు. "బఢియా, భలే. అయితే చదివే పని కూడా లేదుగా. పదికి పది కొట్టేయండి."

"నువ్వు నాది చదివావా?"

"లైక్ కొట్టాను కదా మేడమ్."

"చదివావా అని అడుగుతున్నాను."

"ఛోడియే మేడమ్, వదిలేయండి. నలభై వేలమందిలో ఎవడిది ఎవడు చదువుతాడు? సర్టిఫికెట్ మీద ఇదంతా రాదు."

ఆ సాయంత్రం ఆమె ఆ సమాధానానికి సున్న వేసింది. 'ఈ పిల్ల పేరు చిన్నమ్మి. మీ బడిలో చదవలేదు' అని కారణం రాసింది. లిస్టు ఒప్పందం తప్పినందుకు రెండో రోజుకు గ్రూపులోనుంచి ఆమె పేరు తొలగిపోయింది. నాలుగో రోజున ఆమె సమాధానానికి మార్కులు వచ్చాయి: ముగ్గురివీ సున్నలే. ముగ్గురూ ఒకే కారణం చూపారు: ఇది వేరొకరి నుంచి కాపీ.

"అప్పీలు పెట్టుకో," అన్నాడు సుబ్బరామయ్య. తెరమీద ఉన్నదంతా అతడు అప్పుడే చదివాడు. చదివాక తీసిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోలేదు.

"ఎవరికి పెట్టుకోను? వాళ్ళను చూస్తే రోత పుడుతోంది. నన్ను చూచుకుంటే అంతకన్నా రోతగా ఉంది. వినరని తెలిసే కాబోలు వాళ్ళకు చెప్పాను. వినవలసిన మనిషి, చిన్నమ్మి తల్లి, హట్‌బే విడిచి ఫెరార్గంజ్‌లో ఉంది."

ఆదివారం తెల్లవారకముందే బస్సెక్కి, సముద్రపాయను బార్జిమీద దాటి, మధ్యాహ్నానికి ఫెరార్గంజ్‌లో దిగింది. యర్రమ్మ వాకిట్లో పోకకాయలు ఎండబోస్తోంది.

"ఏటి టీచరమ్మా, కబురైనా నేకుండా వొచ్చీసినావు. నోపలికి రా."

కమలాకుమారి లోపలికి వెళ్ళలేదు. ఎండలో నిలబడే అంతా చెప్పింది. పోకకాయల మీద యర్రమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు పంపినావా?"

"నేనే పంపాను."

"పుస్తకం కోసరమా?"

"హాజరుపట్టీ కోసం."

యర్రమ్మ పోకకాయలను పక్కకు తోసింది. తరువాత అడిగింది: "ఎల్లమన్నప్పుడు నా పిల్ల ఏటన్నాది?"

అన్ని వేలమందిలో ఒక్కరూ అడగని ప్రశ్న అది. దాని జవాబు ఆమె రాసినదానిలో కూడా లేదు.

"సుద్దముక్కల డబ్బా కూడా తెచ్చీమంటావా టీచర్, అంది. వద్దన్నాను. తెచ్చీస్తాలే అంది. తాళంచెవి గౌను జేబులో వేసుకుని పరుగెత్తింది."

"అదెప్పుడూ అంతే. ఒకటి తెమ్మంటే రెండు తెచ్చీది." యర్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆటకెల్లి సచ్చిపోనాదనుకున్నాను. సెప్పిన మాట ఇనదని పదేడేళ్ళూ దాన్నే తిట్టుకున్నాను. ఇన్నది కదా, టీచరమ్మా. మాట ఇన్నది కదా నా పిల్ల."

"విన్నది."

"నీ మీద కోపం నాకిప్పుడే మొదలైనాది. ఎప్పుటికి తగ్గుద్దో తెల్దు." పీట ఒకటి ముందుకు నెట్టింది. "కూకో. మొదట్నించీ మళ్ళీ సెప్పు. నెమ్మదిగా సెప్పు."

కమలాకుమారి కూర్చుంది. చిన్నమ్మి వాకిట్లో నిలబడి ఉన్న దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

చెప్పవలసిన మాటను చెప్పవలసిన వాకిట చెప్పిన ఆ ఇల్లాలికి, చదివి కళ్ళజోడు తీసిన సుబ్బరామయ్యకు, వారి కూతురు జాహ్నవికి పరమేశ్వరుడు ఆయువునూ శాంతినీ అనుగ్రహించుగాక; ఆ ఇంట పలికే మాటకు వినే చెవి ఎన్నడూ కరవుకాకుండుగాక.