పెళ్లికి ముందు ఒక సూది

మొన్న ప్రొద్దుటూరులో డాక్టరమ్మ దగ్గర మా వంతు కోసం కూర్చుని ఉండగా పులివెందుల నుంచి ఫోను వచ్చింది. మా తమ్ముడి కూతురికి అక్కడే సంబంధం కుదిరింది, పెళ్లికి ఇంకా రెండు నెలలుంది. చిన్నప్పుడు పిల్లకు రుబెల్లా టీకా వేయించిందో లేదో మా మరదలికి గుర్తులేదు. అయితే ఇప్పుడే వేయించండి, ఆ తర్వాత ఒక నెల కడుపు రాకూడదు, పెళ్లిలోపు ఆ నెల ఎటూ గడిచిపోతుందని డాక్టరమ్మ అంతకుముందే చెప్పింది. ఆ మాట పిల్ల కాబోయే మొగుడి చెవిన వేసింది, అతను తల్లి చెవిన వేశాడు, ఆమె నాకు ఫోను చేసింది. "ఏం వదినా, పెండ్లికి ముందర సూదేంది? పిల్లకేమన్నా రోగముంటే ఇప్పుడే చెప్పండి. మేమంతా ఏ సూదులు ఏపిచ్చుకోని బిడ్డల్ని కన్న్యాం?" నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోగం రాకుండా వేసేదే టీకా అని చెప్పబోతే వింటేనా! పెద్దలంతా కూర్చుని మాట్లాడేదాకా సూది వద్దని ఫోను పెట్టేసింది. పెళ్లి ఎక్కడ తప్పిపోతుందోనని పక్కనే ఉన్న పిల్లకు భయం పట్టుకుంది. "వద్దులే అత్తా, ఇంటికి పోదాం" అంది.

పోవడమా! నా పక్కన మా అక్క కూర్చుని ఉంది. పెళ్లి చీరలు ఎంచడానికి జమ్మలమడుగు నుంచి వచ్చి, మాతోపాటు ఆసుపత్రికీ వచ్చింది. అక్కను అటువైపే ఒక పల్లెలో సేద్యం చేసే ఇంటికిచ్చారు. తొలిచూలు మూడో నెలలో ఆమెకు కాస్త జ్వరం వచ్చింది, ఒళ్లంతా సన్నగా ఎర్రటి దద్దుర్లు లేచాయి, చెవుల వెనక బిళ్లలు కట్టాయి. అమ్మవారు పోసిందని అక్క అత్త మంచం మీద వేపమండలు పరిచి, మజ్జిగన్నం పెట్టింది. నేను చూడబోయినప్పుడు ఇల్లంతా వేపాకు వాసన. రెండు మూడు రోజులకే తగ్గిపోతే, చల్లని తల్లి చల్లగా చూసిందని అందరికీ సంతోషమే. ఆ తర్వాత కొన్నాళ్లకు సూర్యగ్రహణం పట్టింది. కడుపుతో ఉన్న మనిషి కదా, అక్క చీకటి గదిలో కదలకుండా పడుకుంది. అదే సమయానికి పెరట్లో దూడ తాడు తెంచుకుంది. "ఎవురన్నా పట్టుకోండే!" అని అరిచింది సాక్షాత్తూ ఆ అత్తే. అక్క లేచి వెళ్లి పట్టుకుంది.

పుట్టిన పిల్ల బంగారు బొమ్మ. దీపావళికి ఉయ్యాల పక్కనే టపాకాయలు పేలినా కన్ను తెరవకపోతే, శానా బుద్ధిమంతురాలని మురిసిపోయారు. పిల్లకు చెవులు వినబడవని తేలిన రోజు నుంచి అత్త నోట ఒకటే పాట: "గ్రహణంలో బయటికొచ్చె. దీని కాలు నిలవకనే నా మనవరాలు మూగదాయె." పెళ్లిళ్లలో అంది, పేరంటాల్లో అంది, దారిన పోయేవాళ్లను నిలబెట్టి మరీ అంది. తాను అరిచిన అరుపు మాత్రం ఎక్కడా చెప్పలేదు. చచ్చినవాళ్ల కళ్లు చారెడంటారు గానీ, నేను మాత్రం అనను. ఆమె పోయి ఏళ్లయినా నా కోపం పోలేదు. వేపమండలు పరిచారు, సరే, ఆ కాలంలో మా వైపు ఎవరికీ ఈ జబ్బు సంగతి తెలియదు. తెలియనప్పుడు నోరు మూసుకోవచ్చు కదా! తెలియనిదల్లా కోడలి నెత్తిన రుద్దాలా? అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఏమిటంటే, అక్క ఆ మాట నమ్మింది. ఇప్పటికీ గ్రహణమంటే తలుపులు బిగించుకుని ఏడుస్తుంది.

మా వంతు వచ్చింది. ఫోను సంగతి చెబితే డాక్టరమ్మ విసుక్కోకుండా మళ్లీ వివరించింది. పెద్దవాళ్లకు ఈ జబ్బు వచ్చిపోయినట్టే ఉండదట, కొద్దిగా జ్వరం, దద్దుర్లు, అంతే. కడుపుతో ఉన్న తొలి నెలల్లో వస్తే మాత్రం లోపలి బిడ్డకు చెవులో, కళ్లో, గుండో దెబ్బతినవచ్చట. కడుపులో బిడ్డ ఉండగా ఈ టీకా వేయరు కాబట్టి ముందే వేయించుకోవాలట.

అక్క ఉన్నట్టుండి అడిగింది. "చెవుల ఎనక బిళ్లలు గూడా కడతాయామ్మా?"

కడతాయంది డాక్టరమ్మ. అక్క తన కథంతా చెప్పింది. "ఇన్నేళ్ల తర్వాత తేల్చి చెప్పలేం గానీ, ఆ జ్వరమే అయి ఉంటుంది. గ్రహణానికీ చెవులకూ ఏ సంబంధమూ లేదమ్మా" అంది ఆమె.

"అయితే ఆ దూడను పట్టుకున్న్యందుకు కాదా?" అంది అక్క.

అక్క కొంగుతో మొహం తుడుచుకుని, పులివెందులకు ఫోను కలపమంది. ఆమె గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు. "వదినా, నేను పెండ్లికూతురి పెద్ద మేనత్తను. సూది ఏపిస్తాండాం. ఇష్టం ల్యాకుంటే ఇంకో పిల్లను చూసుకోండి. ఈ సూది ల్యాకనే నా కూతురికి చెవులు పాయె. దాన్ని నలభై ఏండ్లుగా పిలుస్తాండా, ఒక్కతూరన్నా తిరిగి సూడల్యా. రేపు నువ్వు పిలిస్తే నీ మనవడు పలకల్లనా, వద్దా?"

అవతల నుంచి మెల్లగా, "ఏపిచ్చండి వదినా. నాకు ఇంత తెలీదు" అని వినబడింది.

"తెలీకుంటే అడగల్ల. అనగూడదు" అంది అక్క.

పిల్ల సూది వేయించుకుని చెయ్యి రుద్దుకుంటూ వచ్చింది. చీరల అంగడికి పోదామంటే అక్క రానంది, జమ్మలమడుగు బస్సెక్కించమంది. కూతురికి చెప్పాలట, చేతులతోనే అయినా అంతా చెప్పాలట. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. గ్రహణం ఎంత పెద్దదైనా కొన్ని గంటల్లో విడిచిపోతుంది, మా అక్కకు విడవడానికి మాత్రం నలభై ఏళ్లు పట్టింది.