పిల్లలు తాగుతున్నారా?

2018 ఎండాకాలం. నల్లగొండ వైపు ఒక పశువుల దవాఖానలో నేను వెటర్నరీ అసిస్టెంటుగా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. వెటర్నరీ అసిస్టెంటు అంటే డాక్టరు కాదు. డాక్టరుగారు మండలమంతా తిరుగుతుంటే, చుట్టుపక్కల ఊళ్లలో సూదులు, టీకాలు వేసేది, కట్లు కట్టేది మేము. ఊళ్లలో మాత్రం నన్ను డాక్టరమ్మ అనే పిలిచేవాళ్లు. మొదటి ఏడాది కాదు కాదని దిద్దాను. తర్వాత ఆ పిలుపు నాకే నచ్చి ఊరుకున్నాను.

నేను చూసే ఊళ్లలో ఒకటి తిరుమలగిరి దాటాక గుట్ట పక్కన ఉంటుంది. అరవై ఇళ్లు. బోర్ల కింద కాస్త వరి, మిగిలిందంతా పత్తి, కంది. ఒకప్పుడు అక్కడ ఐదారు గొర్రెల మందలు ఉండేవట. పంట కోశాక రైతులు వంతులు వేసుకుని తమ చెలకల్లో మంద పెట్టించుకునేవాళ్లు. అంటే గొర్రెలు వాళ్ల చెలకలోనే పడుకుంటాయి, వాటి పెంటికలే ఆ నేలకు ఎరువు. వరుస కరువుల్లో మందలన్నీ పోయాయి. కాపరులు తలో దిక్కూ పనులు వెతుక్కున్నారు.

బీరయ్య అలాగే షాద్‌నగర్ పోయి ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఎనిమిదేళ్లు కూర్చున్నాడు. భార్య లింగమ్మ ఊళ్లోనే ఉండి కూలికి పోయేది. ఇద్దరు కూతుళ్లు హాస్టల్లో చదువుకునేవాళ్లు. సర్కారు ఇచ్చే గొర్రెల యూనిట్‌కు తన పేరు వచ్చిందని తెలియగానే బీరయ్య ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేశాడు. యూనిట్ అంటే ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. ప్రకాశం జిల్లా సముద్రం అంచుదాకా వెళ్లి తానే ఏరి తెచ్చుకున్నాడు. లారీ దిగిన రోజు ఊరు ఊరంతా వచ్చి చూసింది. పొడుగు కాళ్ల తెల్ల గొర్రెలు, పెళ్లికి వచ్చిన చుట్టాల్లాగా బిడియంగా నిలబడ్డాయి. మంద మొదట ఎవరి చెలకలో పెట్టాలని ఇద్దరు రైతులు అప్పుడే మాటా మాటా అనుకున్నారు.

మూడో రోజు పొద్దున లింగమ్మ ఫోను చేసింది. "డాక్టరమ్మా, గొర్లు నీళ్లు ముడ్తలేవు. జర జల్ది రా."

వెళ్లి చూస్తే సిమెంటు తొట్టి నిండా నీళ్లున్నాయి. గొర్రెలు దాని దగ్గరికి వస్తాయి, వాసన చూస్తాయి, తలెత్తి అటూ ఇటూ చూసి వెనక్కి వెళ్లిపోతాయి. మెడ దగ్గర చర్మం గిల్లి వదిలాను. వెంటనే సర్దుకోలేదు. అది డీహైడ్రేషన్, ఒంట్లో నీరు తగ్గిపోవడం. జ్వరం లేదు, కడుపు కదలిక ఉంది, నోట్లో పుండ్లు లేవు. ట్రాన్స్‌పోర్ట్ స్ట్రెస్ అనుకున్నాను. అంటే ప్రయాణపు బడలిక. కానీ బడలిక మూడు రోజులు ఉండదు.

ఊళ్లోవాళ్లు తలా ఒక మాట చెప్పారు. మన బోరు నీళ్లు వాటికి రుచించలేదన్నారు ఒకరు. నల్లా నీళ్లు పోయించాం, ముట్టలేదు. కొత్త తొట్టికి భయపడుతున్నాయన్నారు ఇంకొకరు. పాత ఇత్తడి గంగాళం తెచ్చి పెట్టాం, దాన్నీ వాసన చూసి వదిలేశాయి. ఇక చేసేది లేక డ్రెంచింగ్ మొదలుపెట్టాను. నోటి పక్క నుంచి సీసాతో కొంచెం కొంచెంగా ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించడం. ఇరవై ఒక్క నోళ్లకు మే నెల ఎండలో ఎన్నాళ్లు తాగిస్తాం? నాకు లోపల బెదురు మొదలైంది. తొమ్మిదేళ్ల అనుభవం అని గొప్పలు చెప్పుకునేదాన్ని, ఒక గొర్రెతో గుక్కెడు నీళ్లు తాగించలేకపోయాను.

బీరయ్య ఒక గొర్రె తల ఒళ్లో పెట్టుకుని సీసా పట్టుకున్నాడు. "ఇవి దక్కకపోతే మళ్ల గా గేటు కాడనే కూసుంట మేడం. ఈ పారి పోతె తిరిగి రాను" అన్నాడు. లింగమ్మ ఆ మాట విననట్టే తొట్టిలో నీళ్లు మార్చింది.

అప్పుడే అతని ఫోను మోగింది. చూసి విసురుగా కట్ చేశాడు. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాడు. ఎవరని అడిగాను.

"గొర్లమ్మిన ముసలాయన మేడం, కోటయ్య. మంచోడనుకున్న. రోజుకు నాలుగు పార్లు ఫోన్ జేసి, పిల్లలు తాగుతున్నారా అని అడుగుతడు. నా బిడ్డలు హాస్టల్ల సదువుకునేటోళ్లు. ఆడపిల్లల్ని పట్టుకొని తాగుతున్నరా అంటడా? గట్టిగనే తిట్టిన."

నేను సీసా కింద పెట్టేశాను. నవ్వు ఆపుకోలేకపోయాను. బీరయ్యకు మొహం ఎర్రబడింది. ఫోను లాక్కుని నేనే చేశాను.

"అమ్మయ్య, ఇప్పటికి పలికారు" అన్నాడు అవతల ముసలాయన. "పిల్లలు తాగుతున్నారా తల్లీ?"

"లేదు తాతా. మూడు రోజులైంది."

ఆయన గబగబా చెప్పాడు. వాళ్ల ఊరి చుట్టూ రొయ్యల చెరువులేనట. ఆ ఉప్పునీళ్లు తాగి ఒక ఏడు సగం మంద పోయిందట. అప్పటినుంచి తను కూత వేస్తే తప్ప ఏ నీళ్లూ ముట్టకుండా ప్రతి పిల్లకూ నేర్పాడు. లారీ ఎక్కించే హడావిడిలో ఆ సంగతి చెప్పడం మరిచిపోయాడు. "అది చెబుదామని చేస్తుంటే ఆయన తిట్టి పెట్టేస్తున్నాడమ్మా. నా గొంతు వాటికి వినిపించు" అన్నాడు.

స్పీకర్ పెట్టి ఫోను తొట్టి గోడ మీద ఉంచాను. "దోవ్... దోవ్... దోవ్..." అని సన్నగా సాగే కూత వచ్చింది. పడుకున్న గొర్రెలు చెవులు నిక్కించి లేచాయి. చెవి చిరిగిన ముసలి గొర్రె ముందు నడిచి తొట్టిలో మూతి పెట్టింది. దాని వెనకే అన్నీ. ఇరవై ఒక్క మూతులు నీళ్లు పీల్చే చప్పుడు తప్ప అక్కడ ఇంకేం వినపడలేదు. నా ఉద్యోగంలో అంత సంతోషం కలిగించిన చప్పుడు మరొకటి లేదు. ఒకేసారి కడుపు ఉబ్బేలా తాగకుండా మధ్యలో లాగి ఆపడానికి నాకూ లింగమ్మకూ తలప్రాణం తోకకొచ్చింది. ఫోనులో ముసలాయనకు కూడా ఆ చప్పుడు వినిపించినట్టుంది. ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పలకరిస్తూ ఏడ్చాడు.

ఆ రోజంతా ఊరికి అదే పని. కోటయ్య ఫోనులో నేర్పుతుంటే బీరయ్య కూత వేశాడు. గొర్రెలు అతన్ని వింతగా చూశాయి. గొడవపడ్డ ఆ ఇద్దరు రైతులూ వేశారు. నేనూ వేశాను, పొట్టేలు దూరంగా జరిగింది. సాయంత్రానికి లింగమ్మకు పట్టుబడింది. ఆమె కూతలో మన యాస కలిసే ఉంటుంది, గొర్రెలు మాత్రం తప్పు పట్టలేదు.

పశువును పట్టుకునే ముందు హిస్టరీ అడగాలని చదువులో నేర్పుతారు. అంటే ఏం తిన్నది, ఎప్పుడు ఈనింది, ఏ రోగం వచ్చింది అని. అప్పటినుంచి నేను ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నాను, ఇంతకుముందు దీన్ని సాకింది ఎవరు, ఏమని పిలిచేవాళ్లు అని. కొత్త డాక్టర్లు నవ్వుతారు. నవ్వనీ.

మొన్న తిరుమలగిరి బస్టాండులో బీరయ్య కనిపించాడు. మంద ఇప్పుడు డెబ్బై దాటింది. షాద్‌నగర్ ఊసే లేదు. మాట్లాడుతుండగా ఫోను మోగింది, మొహం వెలిగిపోయింది. జనం నిండా ఉన్న బస్టాండులో గొంతెత్తి చెప్పాడు, "తాగుతున్నరన్నా, పొద్దుమాపు తాగుతున్నరు. చిన్నపిల్లలు గూడ మంచిగ తాగుడు నేర్చిన్రు."

పక్కనున్న పెద్దమనిషి బ్యాగు తీసుకుని దూరంగా జరిగాడు.