"బాగాలేదు" అన్న రోజు

మా వీధి మొదట్లో, మెట్ల పక్క గదిలో టైలరమ్మ ఉంటుంది. భర్త ఇళ్ళకు రంగులు వేస్తాడు. సొంత దేశంలో బతుకుతెరువు లేక, పెళ్ళయిన కొత్తలోనే ఇద్దరూ సరిహద్దు దాటి వచ్చారు.

అప్పట్లో ఆమెకు మన భాషలో వచ్చిన మాట ఒక్కటే: "బాగుంది". గోడకు చెమ్మ దిగినా బాగుంది, కుట్టిచ్చిన జాకెట్టు ఎవరైనా బల్ల మీదికి విసిరి వెళ్ళినా బాగుంది.

ఎదురింటి కండక్టరమ్మకు వీళ్ళ రాక గిట్టలేదు. బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. గొంతెత్తితే వీధి చివరికి వినపడేది. ఒకరోజు గది గుమ్మంలో నిలబడి, "ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి పడుతున్నారు. ఇక ఈ వీధి మనది కాకుండా పోయినట్టే" అంది. ఒక్క ముక్క కూడా అర్థం కాని టైలరమ్మ నవ్వి, "బాగుంది" అంటూ స్టూలు ముందుకు జరిపింది. తిట్టడానికి వచ్చిన మనిషి ఏం చేయాలో తోచక కూర్చుంది. కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు. ఆమెకూ ఇంట్లో పలకరించే దిక్కు లేదు.

అలా మొదలైంది చదువు. కూతురు పుట్టి బడికి వెళ్ళే నాటికీ సాగుతూనే ఉంది.

"పిన్నిగారూ, మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చాడు."

"వచ్చాడేంటే, దానికేమైనా మీసాలున్నాయా? వచ్చింది అనాలి."

"వచ్చింది."

"ఆఁ. మరి మీ ఆయన?"

"వచ్చింది."

"నా ఖర్మ!" అని నెత్తి కొట్టుకుని, కండక్టరమ్మ పడీపడీ నవ్వేది.

ఇక్కడే పుట్టిన కూతురికి మాత్రం మాట గలగలా వచ్చేసింది. పెద్దదయ్యే కొద్దీ తల్లి అణకువ చూస్తే ఉక్రోషం వచ్చేది.

"గోడ నానిపోతోందని ఇంటి ఓనరుకి చెప్పవేం అమ్మా?"

"ఒకరింటికి వెళ్ళి, కూరలో ఉప్పు తక్కువైందని అంటామా?"

"మనం చుట్టపుచూపుగా వచ్చామా? నేనిక్కడే పుట్టానమ్మా!"

టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కించుకునేది.

ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాక పౌరసత్వం వచ్చింది. ప్రమాణం చేసే రోజున కండక్టరమ్మ కూడా వెంట వెళ్ళింది. అప్పటికే గొంతుకు ఆపరేషనై, ఆ పెద్ద గొంతు కాస్తా గుసగుసలా మిగిలింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "ఎలా ఉందే?" అని అడిగింది.

"ఏమీ తెలీలేదు పిన్నిగారూ. నిన్న ఎలా ఉందో నేను అలాగే ఉంది."

"ఉన్నాను" అని దిద్దింది పెద్దావిడ.

కొన్నాళ్ళకు మా వీధిలోని బస్టాపు ఎత్తేసి, అవతలి పెద్దరోడ్డు మీదికి మారుస్తామన్నారు. స్కూలు హాల్లో మీటింగు పెట్టారు. మోకాళ్ళ నొప్పులతో అంతదూరం నడవలేని ముసలివాళ్ళందరూ వచ్చారు. అందరికంటే ముందు లేచింది కండక్టరమ్మే. పెదవులు కదిలాయి కానీ మాట మూడో వరసకు చేరలేదు. "కాస్త గట్టిగా" అన్నారెవరో. మళ్ళీ ప్రయత్నించింది. వెనక ఎవరో నవ్వారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పక్కనున్న టైలరమ్మ లేచి నిలబడింది.

"పిన్నిగారు నడవలేడు" అంది. తప్పు తెలిసి ఆగింది. "నడవలేదు. మా వీధిలో చాలామంది నడవలేరు."

ముందు వరసలోని ఒకాయన వెనక్కి తిరిగాడు. "మీరు బయటినుంచి వచ్చినవాళ్ళు కదమ్మా. ఇది మా ఊరి సంగతి."

కూతురు లేవబోతే తల్లి భుజం పట్టి ఆపింది.

"అవునండీ, వచ్చినదాన్నే. ఇన్నేళ్ళూ అన్నీ బాగుంది అన్నాను. బాగాలేకపోయినా బాగుంది అన్నాను. పొమ్మంటారని భయం. ఇప్పుడు ఇది నా ఊరు కూడా. అందుకే చెప్తున్నా. ఇది బాగాలేదు."

అంతే, కూర్చుండిపోయింది. కండక్టరమ్మ ఆమె చేతిని తన ఒళ్ళోకి లాక్కుంది. వెనక నుంచి ఒక ముసలాయన "బాగాలేదు" అన్నాడు. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత చాలామంది.

బస్టాపు నిలవలేదు, పెద్దరోడ్డు మీదికి మారిపోయింది. కాకపోతే పొద్దునా సాయంత్రం ఒక చిన్న బస్సు మా వీధిలోకి వచ్చి పెద్దవాళ్ళను ఎక్కించుకుంటోంది.

ఆ వారమే టైలరమ్మ ఇంటి ఓనరును పిలిచి నానిన గోడ చూపించింది. బాగుచేయిస్తానని ఆయన వెళ్ళాక, కండక్టరమ్మ ఆ గుసగుస గొంతుతోనే అడిగింది, "ఇప్పుడెలా ఉందే?"

టైలరమ్మ నవ్వి, "బాగుంది" అంది. పెద్దావిడ దిద్దడానికి అందులో తప్పేమీ లేకపోయింది.