ఓక్ మొద్దు మీద పెరుగన్నం

ఎనభైల మొదట్లో మేం మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉండేవాళ్లం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నా బోటనీ ఎమ్మెస్సీ పట్టా పెట్టెలో కలరా ఉండల మధ్య పడి ఉండేది. ఊరికి దూరంగా ఉన్న ఓక్ అడవిలో మొక్కల సర్వేకి మనుషులు కావాలంటే వెళ్లి చేరాను. మంచు కరిగింది మొదలు మళ్లీ మంచు పడేదాకా పని. "బంగారంలాంటి ఇల్లు పెట్టుకుని అడవులు పట్టుకు తిరగడమేంటమ్మా!" అని వీకెండ్ పార్టీల్లో ఆడవాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

అడవిలో అక్కడక్కడా చదరాలు కొలిచి తాడు కట్టేవాళ్లం. వాటిలో మొలిచిన ఓక్ మొక్కల్ని లెక్కపెట్టాలి. కొన్ని చదరాల చుట్టూ తీగ కంచె వేశాం. కంచె లోపల మొక్కలు మోకాలెత్తు లేచాయి. బయట ఒక్కటీ నిలవలేదు, చిగురు వేయడం ఆలస్యం, జింకలు కొరికేసేవి. చుట్టూ ముసలి చెట్లే, పిల్లచెట్టన్నది లేదు. ఆ ముసలివి పడిపోతే అడవే మిగలదు.

అన్నం తినేముందు ఒక ముద్ద తీసి పిట్టలకి పెట్టడం మా అమ్మమ్మ నుంచి నాకొచ్చిన అలవాటు. మధ్యాహ్నం ఒక నరికిన ఓక్ మొద్దు మీద కూర్చుని, స్టీలు క్యారియర్ మూత తీసి, పెరుగన్నంలోంచి ముద్ద తీసి మొద్దు అంచున పెట్టేదాన్ని. ముందు ఉడతలొచ్చాయి. తర్వాత ఎడమ చెవి చిరిగిన లేడి ఒకటి వచ్చింది. అన్నం కంటే అందులోని ఉప్పుకి మరిగింది. అన్నం అయిపోయినా మొద్దుని నాకుతూ ఉండేది. మరుసటేడాదికల్లా మూత చప్పుడైతే చాలు, పొదల్లోంచి వచ్చి నిలబడేది.

మా సూపర్‌వైజర్ పెద్దాయన. ఒకరోజు చూసి, "దానికి తిండి పెట్టకమ్మా. మనిషంటే భయం ఉంటేనే అది బతుకుతుంది" అన్నాడు. సరేనన్నాను. మర్నాడు మళ్లీ పెట్టాను. అన్నం పెడితే పుణ్యమే గానీ పాపమెలా అవుతుంది, మాంసం తినే ఈయనకేం తెలుసులే అని నా పొగరు.

ఆ వేసవి చివర్లో ఊరివాళ్లు మీటింగ్ పెట్టారు. చదరాల సంగతి నన్నే చెప్పమన్నారు. "ఈ అడవి నిలవాలంటే జింకలు తగ్గాలి" అని నా నోటితోనే చెప్పాను. అది నిజం. ఇవాళ అడిగినా అదే చెబుతాను. ఆ చలికాలం ముందు అక్కడ లేళ్ల వేటకి పర్మిషన్ ఇచ్చారు.

ఇంట్లో భోజనాల దగ్గర ఆ మాట చెబితే మా ఆయన, "గుడ్డు కూడా ముట్టవు, జింకల్ని షూట్ చేయమని చెప్పొచ్చావా?" అన్నారు.

"చెట్ల కోసమండీ."

"బాగానే ఉంది. మరి నీ పెరుగన్నం ఫ్రెండ్‌కి ఎవరు చెబుతారు?"

ఆయన వేళాకోళానికే అన్నారు. నాకు చేతిలో ముద్ద నోట్లోకి పోలేదు.

వేట మొదలయ్యేలోపు దాన్ని తరిమేయాలని చూశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అరిచాను, చప్పట్లు కొట్టాను, ఓక్ కాయలు విసిరాను. కాయలు ఏరుకుని తింది! ఆఖరికి ఏడుస్తూ ఒక కర్ర విసిరితే కాలికి తగిలింది. ఒక్క గెంతు గెంతి, కాస్త దూరంలో ఆగి నా వైపు చూసి, పొదల్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాలుగైదు రోజులు మూత తీసినా రాలేదు. బతికిపోయిందనుకున్నాను.

వేట రోజుల్లో మాకు మరో పని ఉండేది. వేటగాళ్లు ట్రక్కుల్లో తెచ్చిన జింకల నోరు తెరిచి, పళ్లు చూసి వయసు చెప్పాలి. మొదటి రోజు మధ్యాహ్నం ఒకాయన ట్రక్కు వెనక తలుపు దించాడు. చెవి చూడగానే గుర్తుపట్టాను.

మంచివాడే పాపం. నన్ను "మేడమ్" అని పిలిచాడు. "వేటకి రావడం నాకిదే మొదలు. ఇంత ఈజీ అనుకోలేదు. లంచ్ తిందామని మొద్దు మీద కూర్చుని డబ్బా తెరిచాను, అదే నడుచుకుంటూ వచ్చేసింది" అన్నాడు.

గ్లవ్స్ వేసుకుని దాని నోరు తెరిచాను. వయసు చెప్పాను. ఆయన మళ్లీ అడిగితే మళ్లీ చెప్పాను. ఆయన థాంక్స్ చెప్పి వెళ్లాడు.

ఆ కంచెలు తీసేసి చాలా ఏళ్లయింది. మొక్కలు చెట్లయ్యాయి. నేను చెప్పింది తప్పు కాదని అందరూ అంటారు. కానీ ఎవరి మాటా నా చేతికి ఎక్కదు. ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే ఆ చెయ్యి ఒక ముద్ద తీసి కంచం పక్కన పెడుతుంది. నేను ఆ ముద్దని తీసి మళ్లీ అన్నంలో కలుపుకుని తినేస్తాను.