దుప్పటికి అవతలి కొస

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో పెద్దక్కను ఎరగనివాళ్ళు లేరు. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకోనిదే పనిలో చెయ్యి పెట్టేది కాదు. ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా వాళ్ళ కోసమూ ఓ దండం పెట్టేది. మోకాళ్ళు అరిగి నిలబడలేకపోతున్నప్పుడు యజమాని ఆమెను మానిపించలేదు సరికదా, తన గదిలోని స్టూలు స్వయంగా తెచ్చి వేశాడు. దుప్పట్లు ఉతికే అంత గదిలోనూ కూచోవడానికి ఉన్నది అదొక్కటే.

దుప్పటి మడవాలంటే ఇద్దరు ఎదురెదురుగా చెరో కొసా పట్టుకోవాలి. పెద్దక్కకు అవతలి కొస నిచ్చెనది. మనిషి పొడుగని అందరూ పెట్టిన పేరది. పెద్దక్కను లేవనివ్వకుండా తనే నాలుగడుగులు వేసి కొసలు కలిపేది.

"నా కాళ్ళు నీకు అద్దెకిచ్చానక్కా."

"ఇంత పొడుగు కాళ్ళకు అద్దె నేనెక్కడ కట్టేదే, మూరల లెక్కనా?"

దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలర్లలోకి చేతులు పోకుండా ఓ అడ్డు కమ్మీ ఉండేది. పని నెమ్మదిస్తోందని యజమానే ఒకరోజు దాన్ని విప్పేశాడు. అందరూ చూశారు. ఆ వారంలోనే, దుప్పటి అందిస్తుంటే నిచ్చెన కుడిచెయ్యి లోపలికి పోయింది.

తనిఖీ అధికారి వచ్చిననాడు నిచ్చెన కూడా వచ్చింది, చేతికి పెద్ద కట్టుతో. కమ్మీ తనే విప్పుకుందని తేలితే ఆమెకు పరిహారమూ ఉండదు, పనీ ఉండదు.

"తొందరగా తెమలాలని ఆవిడే తీసేసిందండీ. వద్దని మొత్తుకున్నాను," అన్నాడు యజమాని.

ఒకామె పిండిన బట్టనే మళ్ళీ పిండింది. ఇంకొకామెకు గోడ మీద ఏదో కనబడింది.

"ఈవిడకు ఎదురుగా పనిచేసేదెవరు?" అన్నాడు అధికారి.

పెద్దక్క స్టూలు మీంచి లేచింది. మాట నాలుక మీదే ఉంది. యజమాని కళ్ళెర్రజేయలేదు. మంచినీళ్ళ గ్లాసు అందించి, "కంగారు పడకక్కా, ముందు గొంతు తడుపుకో," అన్నాడు. బెదిరించి ఉంటే చెప్పేసేదేమో. నీళ్ళతో పాటు ఆ మాటా లోపలికి పోయింది.

"దుప్పటి అడ్డమొచ్చిందండీ. కమ్మీ ఎవరు తీశారో నాకు కనబడలేదు."

అధికారి రాసుకుని వెళ్ళిపోయాడు. నిచ్చెన అక్కడే ఉండిపోయిన తన క్యారేజీ ఎడమచేతిలోకి తీసుకుంది. పోతూ పోతూ స్టూలును కాలితో పెద్దక్క వెనక్కి జరిపింది.

"కూచో అక్కా. నిలబడితే రాత్రంతా నొప్పులంటావు."

గొంతులో ఎత్తిపొడుపు లేదు. రోజూ అనే మాటే.

ఆమె వెళ్ళాక పెద్దక్క చేతులు జోడించింది. దేవుణ్ణి ఏమడగాలో తోచలేదు. స్టూలు వంక చూడకుండా నిలబడే ఓ దుప్పటి అందుకుంది.

"ఎవరన్నా రండే, అవతలి కొస పట్టండి."

పిండిన బట్టనే పిండిన ఆవిడ వచ్చింది. దుప్పటిని తన మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. పెద్దక్క కూడా దించమనలేదు.