ఎత్తి పోసిన నీళ్లు

"ఆ గ్లాసుతో తాగితే పాపకు మళ్లీ విరేచనాలు పట్టుకుంటే ఎట్ల?"

మా చర్చి సంఘం పెట్టిన చలివేంద్రం దగ్గర నిలబడి నేను అన్న మొదటి మాట అది. నా కూతురు షారోన్‌కు నాలుగేళ్లు. పోయిన ఎండాకాలం మూడు రోజులు సెలైన్ మీద ఉంది. నేను మైక్రోబయాలజీ చదివినదాన్ని. పదిమంది నోరు పెట్టిన గ్లాసు చూస్తే నిద్ర పట్టదు.

ఆ గ్లాసులు పాపమ్మవ్వవి. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసింది. ఒళ్లు సహకరించక మానేసినా, మే నెల వస్తే మా గుడి ముందు పందిరి ఆమెదే. పొద్దున్నే కుండలకు తడి గోనెపట్టా చుట్టి, స్టీలు గ్లాసులు వరసగా బోర్లించి పెట్టుకుంటుంది. బస్సు దిగినవాళ్లు, ఆటోవాళ్లు, లోపల వీబీఎస్ అనే సెలవుల బైబిలు బడిలో పాటలు పాడి అలిసిపోయిన పిల్లలు, ఎవరొచ్చినా నిండు గ్లాసు రెండు చేతులతో అందించి "తాగు నాయనా" అంటుంది.

ఈ ఏడు మా పాస్టరు ఏబేలు అయ్యగారు నన్ను పిలిచి, "చదువుకున్న బిడ్డవి, శుభ్రం సంగతి నువ్వు చూడమ్మా" అన్నారు. మరుసటి రోజే గ్లాసులన్నీ సంచిలో వేసి మూలన పెట్టాను. పందిరి గుంజకు కాగితం అంటించాను: 'గ్లాసులు ఇవ్వబడవు. దోసిలి పట్టండి.'

"అవ్వా, ఇకమీద చెంబుతో పైనుంచి పొయ్యి. ఎవరి చేతికీ తగలకూడదు."

"ఎత్తి పొయ్యాల్నా?"

"అవును, కొంచెం ఎత్తు నుంచి."

"ఎంత ఎత్తు తల్లీ?"

చెయ్యి పెట్టి చూపించాను. కొలత అడుగుతోందనే అనుకున్నాను.

మధ్యాహ్నం తిరుపతయ్య అనే పెద్దాయన వచ్చినాడు. పెద్దారవీడు దగ్గర రైతు, పాపమ్మవ్వ పుట్టిన ఊరివాడే. కాగితం చదివి, తలగుడ్డ తీసి, గొంతుక్కూర్చుని దోసిలి పట్టాడు. ఆమె చెంబు ఎత్తింది. ఆయన తలెత్తి చూసి నవ్వాడు.

"ఏంది పాపమ్మా, మా అమ్మ మీది కోపం నా మీద తీర్చుకుంటున్నావా?"

నీళ్లు ఆయన మోచేతుల మీదుగా కారి చొక్కా తడిసింది. పాపమ్మవ్వ చెంబు కింద పెట్టేసింది. మూలనున్న సంచి విప్పి, ఒక గ్లాసు తీసి, కడిగి, నింపి, ఆయన చేతికిచ్చింది. "తాగు రెడ్డీ." ఆయన తాగి, తలగుడ్డ చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆమె చెప్పులేసుకుంది.

"రేపటినుంచి ఇంకెవరినన్నా పెట్టుకో తల్లీ. నా చేత కాదు."

"నేనేం తప్పన్నాను అవ్వా? రోగాలు రాగూడదనే కదా!"

పాపమ్మవ్వ గుడి మెట్ల మీద కూర్చుంది. "మాకు నీళ్లు ఎట్ల పోసేవాళ్లో నీకు మీ నాయన చెప్పలేదా?" అంది.

మా నాయనదీ అవ్వ వాళ్ల దళితపేటే, కానీ చెప్పలేదు. గిద్దలూరులో టీచరుగా ఉండి, మమ్మల్ని ఊరి మొహం చూడనీయకుండా పెంచినాడు.

"ఆ తిరుపతయ్య వాళ్ల పొలంలో మేం కోతకు పోయేవాళ్లం. దప్పికైతే గడప బయట కూర్చుని దోసిలి పట్టాల. వాళ్లమ్మ ఎత్తి పోసేది, చెంబుకు మా గాలి గూడ తగలకుండా. సగం నీళ్లు మోచేతుల మీద్నే పోయేవి. మొదటిసారి నా చేతికి గ్లాసిచ్చింది ఈ గుడిలోనే. అందుకే కదా ఈ పందిట్లో నిలబడేది. ఈ పొద్దు నువ్వు నా చేత ఆ పనే చేయించినావు. కాగితం గూడ అంటించినావు."

సిగ్గుతో ఆమె మొహంలోకి చూడలేకపోయాను. అదే గుడిలో నేనూ బాప్తిస్మం తీసుకున్నదాన్ని. అదే పేట మనవరాలిని. ఎత్తు ఎంతో చెయ్యి పెట్టి మరీ చూపించాను. లేచి ఆ కాగితం చించేశాను గానీ, దాని జిగురు గుంజకు అట్లాగే ఉండిపోయింది. గోటితో గీకుతుంటే పిల్లలు వచ్చి ఎందుకని అడిగారు. గీకుతూనే ఉన్నాను.

"రేపు రా అవ్వా," అన్నాను. "ఏం చెయ్యాలో నువ్వే చెప్పు."

అవ్వ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. ఈ నెలంతా నేను పందిరి వెనక పొయ్యి దగ్గర కూర్చుని ఆ మాట ప్రకారమే చేస్తున్నాను:

"భయపడొద్దని చెప్పను, బిడ్డతల్లివి. నీ భయానికి చాకిరీ నువ్వు చెయ్యి, వచ్చినోళ్ల చేత చేయించొద్దు. గ్లాసు ఇంకో రెండుసార్లు తోము, మసిలే నీళ్లలో వెయ్యి. మనిషికి మాత్రం చేతికియ్యి."